'బాగా చదవాలి' అంటే ఏం చెయ్యాలో మొదటి రోజే చూపిస్తే: శ్రీకాకుళంలో ఒక బీకాం క్లాసు కేస్ స్టడీ

శ్రీకాకుళం టౌన్‌కి దగ్గర్లో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో బీకాం ఫస్టియర్ క్లాసు కేసు ఇది. సబ్జెక్టు ఫైనాన్షియల్ అకౌంటింగ్, రెండో సెమిస్టర్ పేపరు, చెప్పేది నేనే. కాలేజీ పేరు, పిల్లల పేర్లు రాయట్లేదు, మనుషుల్ని గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. ఈ కోర్సులో మీ నుంచి నాకేం కావాలి, నా నుంచి మీకేం వస్తుంది అన్నది సెమిస్టర్ మొదటి రోజే తేటగా పెట్టేస్తే ఏమవుతుందో చూద్దామని చేసిన పని. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో రెండూ రాస్తున్నాను, ఎందుకంటే మన ఉత్తరాంధ్రలో డిగ్రీ చెప్పే ప్రతి మనిషీ స్టాఫ్ రూంలో ఇదే మాట్లాడతారు, కానీ కూర్చుని రాసుకోవడం మాత్రం జరగదు.

క్లాసులో ఎవరున్నారు

ముందు ఈ పిల్లలెవరో చెప్పాలి, అది తెలియకుండా మిగతాదేదీ అర్థం కాదు. సుమారు సగం మంది ఇంటర్‌లో సీఈసీ చేసి వచ్చారు, వీళ్ళకి డెబిట్ క్రెడిట్ అంటే ఎంతోకొంత తెలుసు. మిగతా సగంలో ఎంపీసీ వాళ్ళు, బైపీసీ వాళ్ళు, ఒకేషనల్ వాళ్ళు ఉన్నారు, వీళ్ళకి జర్నల్ (లావాదేవీలు తేదీల వారీగా ముందు రాసే పుస్తకం) అన్న మాటే కొత్త. 2020-21 నుంచి మన దగ్గర డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయిపోయాయి కాబట్టి చాలామంది ఊళ్ళో నెట్ సెంటర్‌లో కూర్చుని ఆప్షన్లు పెట్టించుకున్నవాళ్ళే, బీకాంలో ఏం చెప్తారో ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం, వచ్చేవాళ్ళలో పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్ళు ఇంకా బాగానే ఉన్నారు.

కొందరు పలాస, మందస వైపు నుంచి పాసింజర్‌లో వచ్చి ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కుతారు, కొందరు హిరమండలం వైపు నుంచి బస్సు. టౌన్‌లో రూం తీసుకుని ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో మగపిల్లలు చాలామంది పెళ్ళిళ్ళ సీజన్‌లో కేటరింగ్ పనికి వెళ్తారు, రాత్రి వడ్డన అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇంకొందరి అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కన్‌స్ట్రక్షన్ పనిలో ఉంటారు, పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర. ఆ ఇళ్ళల్లో 'నోట్స్ రాశావా, రేపు ఏం టెస్టు' అని అడిగే పెద్దవాళ్ళు దగ్గర లేరు.

ఇక కనిపించే సమస్య ఏమిటంటే, అసైన్‌మెంట్ ఇచ్చిన రోజు నుంచి చివరి రోజు దాకా ఒక్కటీ రాదు, చివరి రోజు మధ్యాహ్నం యాభై పుస్తకాలు ఒకేసారి వస్తాయి, అందులో ముప్పై ఒకే చేతిరాత నుంచి పుట్టినట్టు ఉంటాయి. మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్ష) ముందు రోజు 'సార్ ఇంపార్టెంట్స్ చెప్పండి'. మిడ్ తర్వాత 'సార్ ఇంటర్నల్స్ ఎన్ని వేశారు'. వేశారు అంటారు చూడండి, మనం దయతలచి వేసేవన్నమాట, వాళ్ళు సంపాదించుకున్నవి కావు.

దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అని తేల్చెయ్యడం తేలిక. నేనలా అనుకోను. వీళ్ళు చదివిన ఇంటర్‌లో థియరీ పేపర్లకి ఇంటర్నల్ మార్కులే లేవు, ఏడాదంతా ఏం చేసినా చెయ్యకపోయినా మార్చిలో పబ్లిక్ పరీక్ష ఒక్కటే లెక్క. పైగా రెండేళ్ళూ స్టడీ అవర్ అని పక్కన నిలబడి చదివించిన మనిషి ఒకరున్నారు. డిగ్రీకి రాగానే ఆ మనిషి మాయం, పరీక్ష పద్ధతి మాత్రం వారం వారం పని అడిగేదిగా మారిపోయింది, ఆ మార్పుని వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పినవాళ్ళు లేరు. మొదటి రోజు మనం అందరం చెప్పేది 'రెగ్యులర్‌గా రండి, శ్రద్ధగా వినండి, బాగా చదవండి' అనే కదా. ఆ మూడూ విని తలూపని పిల్లాడు ఉండడు, కానీ ఆ మూడు మాటలు విని సాయంత్రం రూంకి వెళ్ళి ఏం చెయ్యాలో తెలిసే పిల్లాడు కూడా ఉండడు.

విచిత్రం ఏమిటంటే మన దగ్గర రాతపూర్వకంగా అన్నీ ఉన్నాయి. కరిక్యులర్ ప్లాన్ ఉంది, టీచింగ్ డైరీ ఉంది, న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) కోసం పెట్టిన ఫైల్‌లో ప్రతి పేపరుకీ కోర్స్ అవుట్‌కమ్స్, అంటే అది చదివాక పిల్లాడికి ఏం రావాలో, చక్కగా టైపు చేసి ఉన్నాయి. అవన్నీ ప్రిన్సిపాల్ చూస్తారు, కమిటీ చూస్తుంది, చదువుకోవాల్సిన పిల్లాడు మాత్రం ఒక్కసారీ చూడడు.

ఒక కాగితం, రెండు వైపులా

డిసెంబర్‌లో సెమిస్టర్ మొదలయ్యే ముందు ఒక షీట్ తయారు చేశాను. తెలుగులో. యూనిట్ల పేర్లు, పరీక్షలో వచ్చే పదాలు మాత్రం ఇంగ్లీషులో, పేపర్‌లో ఎలా ఉంటాయో అలాగే. రెండు వైపులా జిరాక్స్, మనిషికొకటి.

ముందువైపు మార్కుల లెక్క. యూనివర్సిటీ పరీక్షకి 75, ఇంటర్నల్‌కి 25. పేపర్ సెట్ చేసేది, దిద్దేది బయటివాళ్ళు, ఆ 75 మీద నా చెయ్యి లేదు. 25లో మాత్రం 15 మిడ్స్‌కి, 5 అసైన్‌మెంట్ పుస్తకానికి, 5 చిన్న క్విజ్‌లకి. దీని కిందే ప్రతి మార్కు ఎప్పుడు ఏ పనికి వస్తుందో రాశాను. ఉదాహరణకి అసైన్‌మెంట్ పుస్తకం ఐదుసార్లు తీసుకుంటాను, ఐదు తేదీలూ షీట్ మీదే ఉన్నాయి, ఐదింట్లో మంచి నాలుగు లెక్కలోకి వస్తాయి. ఈ 'ఐదింట్లో నాలుగు' అన్నది చాలా ఆలోచించి పెట్టాను. ఏ పిల్లాడికైనా ఒకసారి జ్వరం వస్తుంది, ఒకసారి చెల్లి పెళ్ళి ఉంటుంది, ఒకసారి ఒట్టి బద్ధకం, ఏదైనా సరే ఆ ఒకటి పోతే పోతుంది, నా దగ్గరికొచ్చి బతిమాలక్కర్లేదు, నేను ఎవరి కారణం నిజమో ఎవరిది కాదో తీర్పు చెప్పక్కర్లేదు. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోగలిగినవాడికి ఒక న్యాయం, తెచ్చుకోలేని పిల్లకి ఒక న్యాయం అన్నది కూడా ఉండదు.

హాజరు 75 శాతం రూలు యూనివర్సిటీది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా దానికే ముడిపడి ఉంది. ఇది అందరికీ తెలుసనుకుంటాం, కానీ శాతం అంటే పిల్లలకి ఊహకి అందదు, అందుకని మన పేపర్‌కి వారానికి ఇన్ని క్లాసులు, సెమిస్టర్‌లో పని దినాలు కాగితం మీద 90, సెలవులూ పరీక్షలూ పోగా మిగిలేది తక్కువ, నాలుగు క్లాసుల్లో ఒకటి మించి పోగొట్టుకోకూడదు అని విడమరిచి రాశాను.

వెనకవైపు రెండు భాగాలు. పైన వారం వారం ఏ టాపిక్ నడుస్తుందో, కింద నేను చెయ్యాల్సినవి. ఈ రెండో ముక్క లేకుండా షీట్ ఇస్తే అది నోటీసు బోర్డు కాగితమే అవుతుంది అని నా గట్టి నమ్మకం. అందులో ఏం రాశానంటే, ఈ వారం తీసుకున్న పుస్తకం వచ్చే వారం అదే రోజు మీ చేతికి వస్తుంది. మిడ్ పేపర్ వారంలో దిద్ది ఇస్తాను, మార్కు ఎక్కడ పోయిందో రాసి ఉంటుంది. చెప్పకుండా టెస్ట్ పెట్టను. సాయంత్రం మూడున్నర నుంచి నాలుగుంపావు దాకా డిపార్ట్‌మెంట్‌లో ఉంటాను, డౌట్ ఎంత చిన్నదైనా రావచ్చు. క్లాసు ఫోన్ గ్రూప్‌లో మెసేజ్‌కి రాత్రి ఎనిమిది దాకా జవాబు, ఆ తర్వాత పొద్దున్నే. చివరి లైను, మీ యాసని, మీ ఊరిని, మీ ఇంగ్లీషుని ఈ క్లాసులో ఎవరూ ఎగతాళి చెయ్యరు, నాతో సహా. మన సిక్కోలు (శ్రీకాకుళం) పిల్లలు బయట ఎక్కడికెళ్ళినా ఈ యాస గురించి ఎంత పడతారో మనకి తెలుసు, కనీసం సొంత జిల్లాలో సొంత క్లాసులో నోరు తెరవడానికి భయపడకూడదు.

మొదటి రోజు

షీట్ పంచాను, కానీ చదివి వినిపించలేదు. ముప్పై లైన్లు చదివి వినిపిస్తే మూడోదాని దగ్గరే కళ్ళు కిటికీలోకి పోతాయి. దాని బదులు నేరుగా లెక్కలోకి వెళ్ళాం.

బోర్డు మీద ఒక చిన్న కథ రాశాను. పొందూరులో ఒకాయన 50,000 పెట్టి బట్టల కొట్టు తెరిచాడు, 20,000 సరుకు అప్పు మీద తెచ్చాడు, కొట్లోకి 6,000 పెట్టి బీరువా కొన్నాడు, పండక్కి ఇంట్లోవాళ్ళకని 800 విలువ చేసే బట్టలు కొట్లోంచి తీసుకెళ్ళాడు. దీనికి జర్నల్ ఎంట్రీలు. రెండు జవాబులు నేనే ముందు రోజు రాసి జిరాక్స్ తీసి ఉంచాను, ఒకటి ఏ, ఒకటి బి. 'ఏ' జవాబులో నాలుగు ఎంట్రీలూ కరెక్టు, కానీ తేదీల్లేవు, గడుల్లేవు, కింద వివరణ లేదు, అన్నీ ఒకే పేరాలో కుక్కినట్టు ఉంటాయి. బి జవాబు ముత్యాల్లాంటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన ఐదు గడులు, ప్రతి ఎంట్రీ కింద వివరణ, కానీ బీరువాని పర్చేజెస్ ఖాతాలో రాసేశారు, ఇంటికి తీసుకెళ్ళిన 800 బట్టల్ని సేల్స్ అని చూపించారు.

ఇద్దరిద్దరిగా కూర్చుని పదికి మార్కులు వెయ్యమన్నాను. అకౌంట్స్ రాని పిల్లని వచ్చిన పిల్ల పక్కన కూర్చోబెట్టాను.

క్లాసులో ఎక్కువమంది బి కి తొమ్మిది, పది వేశారు. ఏ కి మూడు, నాలుగు. నీటుగా ఉంటే మార్కులు అన్న నమ్మకం ఎంత లోతుగా పాతుకుపోయిందో అక్కడ తెలుస్తుంది. అప్పుడు నేను దిద్దే పద్ధతి బోర్డు మీద రాశాను, ఖాతాలు కరెక్టుగా పట్టుకున్నందుకు ఆరు, తేదీలు, గడులు, వివరణకి నాలుగు. దీని ప్రకారం మళ్ళీ వెయ్యమంటే ఏ కి ఆరు వచ్చింది, బి కి ఏడు. ఇద్దరూ మంచి విద్యార్థులే, ఇద్దరికీ పది రాలేదు, ఎందుకు రాలేదో ఇప్పుడు క్లాసంతటికీ తెలుసు.

వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు, "సార్, ఏ లో లెక్కంతా రైటే కదండి, తేదీ లేకపోతే ఏటవుద్ది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆర్నెల్లు పోయాక అప్పు ఇచ్చినాయన వచ్చి ఆ సరుకు సంక్రాంతికి ముందు తీసుకున్నావు, గడువు దాటింది, వడ్డీ కట్టు అంటే కొట్టాయన ఏం చూపిస్తాడు అని అడిగాను. వాడు కాసేపు ఆగి "పుస్తకం చూపియ్యాల" అన్నాడు. అంతే, తేదీకి మార్కు ఎందుకో ఇంక నేను వివరించక్కర్లేకపోయింది. బీరువా ముచ్చట మాత్రం చాలాసేపు నడిచింది, అమ్మడానికి కొన్నది సరుకు, వాడుకోడానికి కొన్నది ఆస్తి అని ఒకమ్మాయే చెప్పింది, బైపీసీ నుంచి వచ్చిన పిల్ల, వాళ్ళ నాన్నకి ఊళ్ళో చిన్న కిరాణా ఉంది. 800 బట్టలు డ్రాయింగ్స్‌లో (యజమాని సొంతానికి తీసుకున్నవాటి ఖాతా) డెబిట్, పర్చేజెస్‌లో క్రెడిట్ అన్నది అప్పటికప్పుడు అందరికీ ఎక్కలేదు, పర్లేదు, ఆ రోజు పని అది కాదు.

ఆ రోజు పని ఏమిటంటే, మంచి జవాబు ఎలా ఉంటుందో కళ్ళతో చూడటం. 'బాగా రాయండి' అని వంద సార్లు చెప్పినా చేతికి అందనిది ఈ రెండు జిరాక్సులు అందించాయి. ఈ మొత్తం కేసులో ఒక్క ముక్క మాత్రమే ఎవరైనా తీసుకుంటే ఇదే తీసుకోమంటాను.

చివరి పది నిమిషాల్లో చిన్న చీటీలు ఇచ్చాను, పేరు రాయొద్దు, ఈ కోర్సు సరిగ్గా చెయ్యడానికి నీకు అడ్డం వచ్చేది ఏమిటో రాయి అని. బస్సు, ట్రైన్ అని చాలా వచ్చాయి. కేటరింగ్ అని కొన్ని. 'ఫోన్ అన్నయ్యది, రాత్రి వాడొచ్చాక ఇస్తాడు' అని రెండు మూడు. 'నాకు ఇంగ్లీష్ రాదు సార్' అని బోలెడు. ఒక చీటీలో 'ఇంట్లో అమ్మమ్మకి బాలేదు, వంట నేనే' అని ఉంది.

ఆ చీటీలని బట్టి షీట్ మార్చాను, ఇది ముఖ్యం. మొదటి పీరియడ్ తొమ్మిదిన్నరకి, బస్సు వాళ్ళు పది నిమిషాలు అటూఇటూ అవుతారు, అందుకని క్విజ్ ఎప్పుడూ పీరియడ్ చివర్లోనే. పుస్తకాలు తీసుకునే రోజు మొదట సోమవారం రాశాను, శని ఆదివారాల్లో ముహూర్తాలుంటే కేటరింగ్ పిల్లలు ఆదివారం రాత్రి పడుకోరు, దాన్ని బుధవారం చేశాను. అసైన్‌మెంట్ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టడం అన్నది పూర్తిగా తీసేసి, చేత్తో పుస్తకం ఇవ్వడమే ఉంచాను, సొంత ఫోన్ లేని పిల్ల కూడా మిగతావాళ్ళతో సమానంగా ఉండాలి కదా. పరీక్ష ఇంగ్లీష్ కోసం ప్రశ్నపత్రాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు ఒక పేజీ చేసి షీట్‌కి పిన్ చేశాను. రెండో రోజు మార్చిన షీట్ ఇచ్చి, ఏ చీటీ వల్ల ఏది మారిందో చెప్పాను. క్లాసులో ఒక రకమైన కదలిక వచ్చింది, తాము రాసింది ఎవరో చదివారని తెలిస్తే పిల్లల మొహాలు వేరేగా ఉంటాయి.

మూడో క్లాసులో షీట్ చూసుకుంటూ రాయగలిగే క్విజ్ పెట్టాను, ప్రశ్నలన్నీ షీట్ మీదే. మిడ్ రోజు జ్వరమొస్తే ఏం చేస్తావు, రెండు పుస్తకాలు ఇవ్వకపోతే ఎన్ని మార్కులు పోతాయి, నేను పేపర్ వారంలో ఇవ్వకపోతే నువ్వు ఏం చెయ్యొచ్చు, ఇలాంటివి. ఆ చివరిదానికి చాలామంది ఖాళీ వదిలేశారు. లెక్చరర్‌ని అడగొచ్చు అన్న ఆలోచనే వాళ్ళకి రాదు. క్లాసులో చేయెత్తి 'సార్ వారం అయింది' అని అడగండి, తప్పులేదు అని చెప్పాను, ఫిబ్రవరిలో ఒకమ్మాయి నిజంగానే అడిగింది.

మొదటి బుధవారం

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి పుస్తకం తేదీ. పండగ అయ్యాక మన దగ్గర క్లాసులు నిండటానికి ఇంకో వారం పడుతుంది, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా తేదీ మార్చలేదు. వచ్చిన పుస్తకాలు తీసుకున్నాను, గురువారం తెచ్చినవాళ్ళ పుస్తకాలు దిద్ది ఇచ్చాను కానీ లెక్కలోకి తీసుకోలేదు. గట్టిగా అరవలేదు, లెక్చర్ ఇవ్వలేదు, 'షీట్ చూసుకోండి, ఇంకా నాలుగున్నాయి' అన్నానంతే.

వచ్చినవాటిలో మూడు పుస్తకాల్లో క్యాష్ ఖాతా బ్యాలెన్స్ 17,450 రావాల్సిన చోట ముగ్గురికీ 17,540 వచ్చింది. ఒకే రూం కుర్రాళ్ళు. కాపీ అయితే ఆ పుస్తకం ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ సున్నా, ఆ లెక్క నా ముందు మళ్ళీ చెయ్యాలి అని షీట్‌లో ఉంది. సాయంత్రం డిపార్ట్‌మెంట్‌కి పిలిచాను. ఎలా వచ్చింది బాబూ ఈ అంకె అంటే ఇద్దరు నేల చూశారు, మూడోవాడు మాత్రం తిన్నగా చెప్పేశాడు, "సార్, ఆడిది చూసి ఏసీసాను. బుధవారం అంటే నిజంగా బుధవారమే తీసుకుంటారని అనుకోలేదండి, రేత్రి పన్నెండుకి కూకున్నాం."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. వాడు అబద్ధం ఆడట్లేదు. ఇన్నేళ్ళ చదువులో వాడికి ఎవరో చెప్పిన తేదీ చెప్పినట్టుగా జరిగిన సందర్భం తక్కువ, తేదీ అంటే అడిగితే జరిగేది అని వాడి అనుభవం చెప్తోంది. కాబట్టి షీట్ ఎంత బాగా రాసినా మొదటి నెల దాకా అది కాగితమే, మొదటి బుధవారం నేను ఏం చేశానో చూశాకే క్లాసు దాన్ని నమ్మడం మొదలుపెట్టింది.

ముగ్గురికీ సున్నా పడింది. అయితే అదే అంకెని మర్నాడు క్లాసులో పేర్లు చెప్పకుండా వాడుకున్నాను. 17,540లోంచి 17,450 తీస్తే 90, తొమ్మిదితో తెగుతుంది. ట్రయల్ బ్యాలెన్స్‌లో (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమా అని చూసే పట్టిక) తేడా తొమ్మిదితో తెగిందంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడండి అన్నాను. ఆ చిట్కా సెమిస్టరంతా పనికొచ్చింది, ఆ ముగ్గురే ఎక్కువ వాడారు.

రెండు రోజులకి వాళ్ళలో ఒకడి నాన్న వచ్చాడు. హైదరాబాద్‌లో తాపీ పని, పండక్కి వచ్చి మళ్ళీ బయల్దేరుతున్నాడు. "మేస్టారూ, మా గుంటడికి ఏదో సున్నా వచ్చిందంట, ఫెయిలయిపోనాడా?" అన్నాడు, చేతులు కట్టుకుని నిలబడి. కూర్చోమని చెప్పి, ఫెయిల్ కాదండి, ఐదింట్లో ఒకటి పోయింది, మిగతా నాలుగూ చేస్తే పూర్తి మార్కులే అని షీట్ తీసి చూపించాను. కొడుకు చేతే చదివించాను. అంతా విని ఆయన, "ఇలగ కాయితం మీద ఉంటే మాకూ తెలుస్తాది బాబూ. నాను సదువుకోలేదు, ఈడు ఏటి సెప్తే అదే. అక్కడ్నుంచి ఫోన్ సేసినపుడు ఏటి అడగాలో తెలవదు" అన్నాడు. ఒక జిరాక్స్ తీసుకెళ్ళాడు. తర్వాత మంగళవారం రాత్రి అయ్యేసరికి ఆయన ఫోన్ వస్తుందని ఆ కుర్రాడు చెప్పాడు, 'రేపు బుధవారం కదా, పుస్తకం అయిందా' అని. ఇది నేను ప్లాన్ చేసింది కాదు. చదువుకోని తండ్రికి కూడా అడగడానికి ఒక ప్రశ్న దొరికింది, అంత దూరం నుంచి.

స్టాఫ్ రూంలో

ఒక సీనియర్ మేస్టారు చెప్పిన అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. ఇంత గట్టిగా ఉంటే పిల్లలు మిగలరండీ, అసలే సీట్లు నిండట్లేదు, టీసీ పట్టుకుని పక్క కాలేజీకి పోతే మన వర్క్‌లోడే పోతుంది అన్నారు. ఆ సెమిస్టర్‌లో మానేసినవాళ్ళు ఉన్నారు. ఒకడు పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో పనికి చేరిపోయాడు, ఇంట్లో అప్పుంది. ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఇంకో ఇద్దరు మొదటి వారం తప్ప కనిపించనే లేదు, షీట్ వాళ్ళ దాకా వెళ్ళనే లేదు. తేదీల వల్ల భయపడి వెళ్ళినవాళ్ళు నాకు కనిపించలేదు, రూలు ఏమిటో తెలియకపోవడం వల్లే ఎక్కువ భయం ఉంటుందని నా అభిప్రాయం. ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

ఇంకో మేడం అడిగింది వేరే, ఇవన్నీ చెయ్యడానికి టైం ఎక్కడిదండీ అని. నిజమే, ఇన్విజిలేషన్లు, న్యాక్ పని, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్లు, ఇవన్నీ మన నెత్తినే. వారంలో అందరి పుస్తకాలు మొత్తం దిద్దడం నా వల్ల కాదు, అందుకే ప్రతిసారీ ఐదు లెక్కలిచ్చి, ఏ రెండు దిద్దుతానో ముందు చెప్పకుండా ఆ రెండే పూర్తిగా దిద్దాను, మిగతావి చేశారో లేదో చూశాను. ఇది కూడా షీట్‌లో రాసే ఉంది. మాటిచ్చిన గడువు నిలబెట్టుకోవాలంటే మాట ఇచ్చేటప్పుడే మన ఓపిక చూసుకుని ఇవ్వాలి.

మారింది, మారనిది

మొదటి మిడ్ పేపర్లలో తేడా చూడగానే తెలిసింది. గడులు, తేదీలు, వివరణలు దాదాపు అందరూ రాశారు, వర్కింగ్ నోట్స్ విడిగా చూపించినవాళ్ళు బాగా పెరిగారు. లెక్క తప్పినా ఎక్కడ తప్పిందో కనిపిస్తోంది కాబట్టి సగం మార్కులైనా వెయ్యగలిగాను. రెండో మార్పు ప్రశ్నల్లో. 'ఎన్ని వేశారు' అన్నది పూర్తిగా పోలేదు గానీ, 'సార్ చెక్కు డిపాజిట్ చేశాం, బ్యాంక్ ఇంకా వెయ్యలేదు, క్యాష్ బుక్ బ్యాలెన్స్‌లోంచి తియ్యాలా కలపాలా' లాంటివి మూడున్నర తర్వాత రావడం మొదలైంది. బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన క్యాష్ బుక్‌కీ బ్యాంక్ లెక్కకీ తేడా ఎందుకొచ్చిందో సరిచూసేది) యూనిట్‌లో ఇలాంటి డౌట్లు పరీక్ష ముందు రోజు కాకుండా ఆ వారమే రావడం చాలా పెద్ద విషయం. కాపీ పూర్తిగా ఆగలేదు, కానీ చూసి రాసినవాళ్ళు కూడా అడిగితే ఎంతోకొంత చెప్పగలిగారు, నా ముందు మళ్ళీ చెయ్యాలన్న రూలు వల్ల అనుకుంటున్నాను.

ఇందులో కొంత రెండో సెమిస్టర్ కాబట్టి వచ్చింది కూడా. అప్పటికి ఒక యూనివర్సిటీ పరీక్ష రాసి, దెబ్బ తిన్నవాళ్ళు తిన్నారు, అదీ మారుస్తుంది. ఆ వాటా తీసేసి చూడాలి.

హాజరు మారలేదు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ఫర్వాలేదు, రథసప్తమికి అరసవల్లి జనంతో టౌన్ నిండిపోయి ఆ ఒకటి రెండు రోజులు ఎలాగూ లేవు. ఆ తర్వాత పెసలు మినుములు చేతికొచ్చేసరికి ఊళ్ళో పని ఉన్న పిల్లలు ఆగిపోయారు, కూలి మనిషి దొరకడు, దొరికినా ఇవ్వడానికి డబ్బుండదు, ఇంట్లో పిల్లాడే మనిషి. మాఘంలో పెళ్ళిళ్ళకి కేటరింగ్ వాళ్ళు. నాలుగు క్లాసుల్లో ఒకటి అని ఎంత విడమరిచి రాసినా ఇంట్లో చేను పిలుస్తుంటే షీట్ ఆపలేదు, ఆపాలని కూడా నేను అనుకోను. కాకపోతే ఇద్దరు ముగ్గురు వచ్చి 'సార్ వచ్చే వారం చేను పని ఉంది, ఏ టాపిక్ పోతుందో షీట్‌లో చూశాం, ముందే చెప్తారా' అని అడిగారు. ముందే చెప్పి వెళ్ళడం అన్నది అంతకుముందు లేదు.

అమ్మమ్మకి బాలేదని రాసిన చీటీ ఎవరిదో మార్చి దాకా తెలియలేదు. ఆ పిల్ల తనే వచ్చి చెప్పింది, రెండు పుస్తకాలు పోయాయని, మూడే లెక్కలోకి వస్తాయి కదా అని. రూలు ప్రకారం అంతే, మార్కు తగ్గుతుంది. మార్చలేదు. కానీ రెండో మిడ్‌కి ఆ అమ్మాయిని రోజూ మధ్యాహ్నం భోజనాలప్పుడు పావుగంట కూర్చోబెట్టి ఫైనల్ అకౌంట్స్ (ఏడాది చివర లాభనష్టాలు, ఆస్తి అప్పులు తేల్చే లెక్కలు) చెప్పాను, ఆ మిడ్‌లో బాగా రాసింది.

వచ్చే సెమిస్టర్‌కి ఒక్కటే మార్పు చేస్తున్నాం, అది నా ఒక్కడిది కాదు. ఏప్రిల్‌లో పిల్లలు చెప్పిన పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, సబ్జెక్టులన్నిటి అసైన్‌మెంట్లూ ఒకే వారంలో పడుతున్నాయని. నా బుధవారం ఎంత ఖచ్చితంగా ఉన్నా, అదే బుధవారం ఇంగ్లీషు రికార్డు, కంప్యూటర్ ప్రాక్టికల్, ఇంకో సెమినార్ ఉంటే పిల్లాడు ఏది వదలాలో తేల్చుకోలేక అన్నీ చూసి రాస్తాడు. అందుకని డిపార్ట్‌మెంట్‌లో ఫస్టియర్ చెప్పే అందరం కూర్చుని తేదీలు పంచుకున్నాం, అకౌంటింగ్ బుధవారం, మేనేజ్‌మెంట్ శుక్రవారం, ఇంగ్లీష్ వాళ్ళు పదిహేను రోజులకొకసారి సోమవారం అన్నారు, కేటరింగ్ సంగతి చెప్పాక మంగళవారానికి జరిపారు. ఆ తేదీలన్నీ ఒకే కాగితం మీద వేసి, ఇంట్లో గోడకి అంటించుకునేలా పెద్ద అక్షరాల్లో ప్రింట్ చేయిస్తున్నాం, మొదటి రోజు పిల్లలకి ఒకటి, తల్లిదండ్రులకి ఒకటి.